గుర్తింపు దక్కింది, గిట్టుబాటు దక్కలేదు
అనుబంధ ఆరోగ్య వృత్తుల ఆర్థిక స్థితిగతులు

రక్తపరీక్ష చేసే ల్యాబ్ టెక్నీషియన్లు, ఎక్స్‌రే తీసే రేడియోగ్రాఫర్లు, డయాలసిస్ యంత్రాన్ని నడిపేవారు, పక్షవాతం సోకిన రోగిని తిరిగి నడిపించే ఫిజియోథెరపిస్టులు మొదలైన వారందరినీ ఒకే ఛత్రం కిందికి తెస్తూ పార్లమెంటు 2021 మార్చిలో ఒక చట్టాన్ని ఆమోదించింది. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టంగా పిలిచే ఈ శాసనం పది తరగతుల కింద 50కి పైగా వృత్తులను గుర్తించింది. కేంద్రంలో ఒక కమిషన్, ప్రతి రాష్ట్రంలో ఒక మండలి ఏర్పడాలని, పాఠ్యప్రణాళిక, పరీక్షలు, నమోదు వంటి వ్యవహారాలను అవి పర్యవేక్షించాలని నిర్దేశించింది. దశాబ్దాల తరబడి 'పారా మెడికల్ సిబ్బంది' అన్న ఒక్క మాట కింద కలిసిపోయి ఉన్న లక్షలాది మందికి ఇది చెప్పుకోదగ్గ మలుపే.

చట్టం అమలులోకి వచ్చిన ఆరు నెలల్లో రాష్ట్రాలు మండళ్లను నియమించవలసి ఉంది. మూడేళ్లు గడిచినా పని ముందుకు సాగకపోవడంతో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 14 రాష్ట్రాలు మాత్రమే మండళ్లను ఏర్పాటు చేశాయని, అవి సైతం పనిచేయడం లేదని గమనించిన న్యాయస్థానం, రెండు నెలల్లో చట్టాన్ని అమలు చేయాలని 2024 ఆగస్టు 12న కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. ఆ తరువాత కదలిక వచ్చింది. 2025లో పలు వృత్తులకు కొత్త పాఠ్యప్రణాళికలు వెలువడ్డాయి.

అయితే ఈ చట్టం ఎవరు చదవాలి, ఏం చదవాలి, ఎక్కడ నమోదు కావాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పింది. చదివినవారికి ఎంత వేతనం ముట్టాలి, సొంతంగా క్లినిక్ తెరిచినవారికి గిట్టుబాటు ఎక్కడి నుంచి రావాలి అన్న ప్రశ్నల జోలికి పోలేదు. ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఈ కోర్సుల్లో చేరుతున్న వేలాది సామాన్య కుటుంబాల పిల్లలకు అసలు సమస్య అదే.

కొరత ఉంది, గిరాకీ లేదు

దేశంలో అనుబంధ ఆరోగ్య నిపుణుల కొరత సుమారు 64 లక్షలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ కోసం 2012లో రూపొందించిన నివేదిక అంచనా వేసింది. కళాశాలల ప్రకటనల్లో ఇటువంటి అంకెలు తరచుగా కనిపిస్తుంటాయి. ఇంత కొరత ఉన్న చోట వేతనాలు పెరగాలి కదా అన్నది ఎవరికైనా తోచే సందేహం. కాని ప్రైవేటు రంగంలో, ముఖ్యంగా చిన్న పట్టణాల్లో, పట్టభద్రుడైన టెక్నీషియన్ తొలి జీతం చాలా సందర్భాల్లో నైపుణ్యం అక్కరలేని పనులకు దొరికే కూలికి పెద్ద తేడాగా ఉండడం లేదు.

దీనికి కారణం సుబోధకమే. 64 లక్షలన్నది జనాభాకు ఎంతమంది అవసరమో వేసిన లెక్క. ఎంతమందికి జీతం ఇవ్వడానికి ఆసుపత్రులు సిద్ధంగా ఉన్నాయన్న లెక్క అది కాదు. పక్షవాతం వచ్చిన ప్రతి రోగికీ ఫిజియోథెరపీ అవసరమే. కాని దానికి డబ్బు చెల్లించగలవారు, నెలల తరబడి క్రమంతప్పక రాగలవారు కొందరే. డబ్బు వెనుక లేని అవసరం ఉద్యోగాన్ని సృష్టించదు. మరోవైపు కళాశాలల నుంచి ఏటా పట్టాలతో బయటకు వచ్చేవారి సంఖ్య పెరుగుతోంది. ఉద్యోగం తక్కువ, అభ్యర్థులు ఎక్కువ అయిన చోట బేరమాడే శక్తి యాజమాన్యం చేతిలోనే ఉంటుంది.

ఆసుపత్రుల బిల్లుల తీరు దీనికి తోడయింది. ఆయుష్మాన్ భారత్, ఆరోగ్యశ్రీ వంటి పథకాల్లో ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజీ ధర నిర్ణయిస్తారు. మంచం అద్దె, మందులు, పరీక్షలు, సిబ్బంది సేవలు అన్నీ దానిలో కలిసే ఉంటాయి. శస్త్రచికిత్స చేసే సర్జను పేరు చూసి రోగి ఆసుపత్రికి వస్తాడు కనుక ఆయన వాటా తగ్గించడం యాజమాన్యానికి కష్టం. టెక్నీషియన్ పేరు చూసి వచ్చే రోగి ఉండడు. ఆ కారణంగా ప్యాకేజీ ధర చాలలేదనుకున్నప్పుడు మొదటి కత్తెర ఈ వర్గం మీదే పడుతోంది.

రెండు జీతాల దేశం

ఒకే పట్టా, ఒకే పని అయినప్పటికీ ప్రభుత్వ, ప్రైవేటు వేతనాల మధ్య అంతరం గమనార్హం. ఏడవ వేతన సంఘం ప్రకారం ఢిల్లీలోని ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థల్లో జూనియర్ ఫిజియోథెరపిస్టు మూలవేతనం నెలకు 35,400 రూపాయల వద్ద మొదలవుతుంది. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. స్టాఫ్ నర్సు స్థాయి ఉద్యోగికి ఇది 44,900 రూపాయలు. ఈ ఉద్యోగాలు కొద్ది సంఖ్యలో ఉండడంతో ఒక్కో ఖాళీకి పోటీ విపరీతంగా ఉంటోంది. రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల నియామకాలు అధికభాగం కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతుల్లోకి మళ్లాయి.

ప్రైవేటు రంగంలో మరొక పద్ధతి వ్యాపించింది. ఉద్యోగిగా చేర్చుకోకుండా 'కన్సల్టెంటు' పేరిట నెలవారీ రుసుము చెల్లించడం. అలా చేస్తే భవిష్యనిధి, ఈఎస్ఐ, గ్రాట్యుటీ భారం యాజమాన్యంపై పడదు. ఏడాదికి 50,000 రూపాయలు దాటిన వృత్తి రుసుముపై 10 శాతం పన్ను ముందుగానే కోతపడుతుంది. ఆదాయం పన్ను పరిధిలోకి రానివారు సైతం రిటర్ను దాఖలు చేసి ఆ మొత్తాన్ని వాపసు తెచ్చుకోవలసిందే. కోత పడిందన్న సంగతే తెలియక వదులుకునేవారూ లేకపోలేదు.

చిన్న సంస్థల విషయానికి వస్తే, 20 మంది సిబ్బంది ఉంటే భవిష్యనిధి, 10 మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తాయి. ఈఎస్ఐకి 2017 నుంచి నెల వేతన పరిమితి 21,000 రూపాయలు. నలుగురైదుగురితో నడిచే క్లినిక్కులు, ల్యాబులు సాధారణంగా ఈ రెంటికీ వెలుపలే ఉండిపోతాయి. రోగుల మధ్య రోజంతా గడిపే ల్యాబ్ టెక్నీషియన్‌కే ఆరోగ్య బీమా లేకపోవడం ఇందువల్లనే.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులు కొంత ఊరట కలిగించగలవు. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. నిర్ణీత కాలానికి నియమితులైనవారు ఒక ఏడాది సర్వీసుతోనే గ్రాట్యుటీకి అర్హులవుతారు. కనీస వేతనం హక్కు అన్ని రంగాలకూ విస్తరించింది. అయితే కన్సల్టెంటు ముసుగులో ఉన్నవారు తాము ఉద్యోగులమేనని మొదట నిరూపించుకోవలసి ఉంటుంది.

నర్సుల అనుభవం చెప్పే పాఠం

ఈ సందర్భంలో నర్సుల ఉదంతాన్ని ప్రస్తావించుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల వేతనాలపై నిపుణుల సంఘాన్ని నియమించాలని సుప్రీంకోర్టు 2016 జనవరి 29న కేంద్రాన్ని ఆదేశించింది. ఆ సంఘం సిఫార్సులు స్పష్టంగా ఉన్నాయి. 200 పడకలు మించిన ఆసుపత్రులు రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలి. 100 నుంచి 200 పడకలు ఉంటే 10 శాతం, 50 నుంచి 100 పడకలు ఉంటే 25 శాతం మించి తగ్గరాదు. 50 పడకల లోపు ఆసుపత్రుల్లోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదు.

సిఫార్సులు సిఫార్సులుగానే మిగిలిన రాష్ట్రాలు అనేకం. కేరళలో మాత్రం నర్సులు సంఘటితంగా ఆందోళన సాగించడంతో 2018 ఏప్రిల్‌లో ప్రభుత్వం 20,000 రూపాయల కనీస మూలవేతనాన్ని నోటిఫై చేసింది. కనీస వేతనం న్యాయస్థానం ఆదేశంతో మొదలై, సంఘబలంతో సాధ్యపడిందన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం. అనుబంధ వృత్తులవారికి ఇటువంటి జాతీయ స్థాయి వేతన సంఘం లేదు. 50కి పైగా వృత్తులుగా చీలి ఉండడం వల్ల వారు ఒక్క గొంతుతో మాట్లాడిన సందర్భాలూ తక్కువే.

బిరుదుపై జరిగిన చర్చ వేతనంపై జరగకపోవడం మరొక విడ్డూరం. ఫిజియోథెరపిస్టులు పేరుకు ముందు 'డాక్టర్' అని రాసుకోవచ్చని కొత్త పాఠ్యప్రణాళిక పేర్కొనగా, దానిని తొలగించాలని ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ 2025 సెప్టెంబరు 9న లేఖ రాసింది. మరునాడే ఆ లేఖను ఉపసంహరించుకుంది. వైద్యుల సంఘాలు, ఫిజియోథెరపిస్టుల సంఘాలు పత్రికల్లో వాదులాడుకున్నాయి. నెల జీతం మాట ఆ రభసలో ఎక్కడా వినిపించలేదు.

క్లినిక్ తెరిస్తే మిగిలేది ఎంత?

ఉద్యోగంలో జీతం చాలదనుకున్నవారు సొంత క్లినిక్ వైపు చూడడం సహజం. ముద్రా పథకం కింద గరిష్ఠ రుణ పరిమితిని, పాత రుణం సక్రమంగా తీర్చినవారికి, 2024లో 10 లక్షల నుంచి 20 లక్షల రూపాయలకు పెంచారు. కనుక పెట్టుబడి దొరకడం మునుపటంత కష్టం కాదు. దాన్ని తిరిగి రాబట్టుకోవడమే కష్టం.

ఒక జిల్లా కేంద్రంలోని ఫిజియోథెరపీ క్లినిక్‌ను ఊహించి లెక్క వేద్దాం. యంత్రాలు, ఫర్నిచర్ కోసం 11 శాతం వడ్డీపై 8 లక్షల రూపాయలు ఐదేళ్లకు అప్పు తెస్తే నెల వాయిదా సుమారు 17,400 రూపాయలు. గది అద్దె 20,000, ఇద్దరు సహాయకులకు తలా 12,000 చొప్పున 24,000, విద్యుత్తు, మరమ్మతులు, వ్యర్థాల తరలింపు వగైరాలకు 11,000 అనుకుంటే నెల ఖర్చు 72,400 రూపాయలు. ఒక్కో సిట్టింగ్‌కు 300 రూపాయలు తీసుకుంటూ రోజుకు 12 మందిని, నెలకు 25 రోజులు చూస్తే రాబడి 90,000. యజమానికి మిగిలేది 17,600 రూపాయలు.

అంటే రోజూ మొదటి పదిమంది రోగుల రుసుము ఖర్చులకే సరిపోతుంది. పదకొండవ రోగి నుంచే ఆయన సంపాదన మొదలవుతుంది. పండుగలు, వానలు, పొలం పనుల రోజుల్లో రోగులు తొమ్మిదికి పడిపోతే నెలకు 4,900 రూపాయలు చేతి నుంచి పెట్టుకోవాలి. ఎయిమ్స్‌లో తన సహాధ్యాయి అందుకునే 35,400 రూపాయల మూలవేతనంతో సమానం కావాలంటే రోజుకు 15 మంది రావాలి. ఒక్కొక్కరికి 40 నిమిషాలు కేటాయిస్తే అది పది గంటల పని. సమయం తగ్గించి ఎక్కువమందిని చూస్తే ఆదాయం పెరుగుతుంది, చికిత్స పలచబడుతుంది. యంత్రానికి తగిలించి పక్క మంచం వద్దకు వెళ్లిపోయే పద్ధతి చాలాచోట్ల స్థిరపడడానికి వెనుక ఉన్న ఆర్థిక సూత్రం ఇదే.

పైన చెప్పిన ఇద్దరు సహాయకులకు 12,000కు బదులు నర్సుల సంఘం సూచించిన 20,000 రూపాయలు ఇస్తే ఏమవుతుందో చూడండి. ఖర్చు 16,000 పెరుగుతుంది. యజమానికి మిగిలేది 1,600 రూపాయలు. తక్కువ జీతం వెనుక ప్రతిసారీ యజమాని దురాశే ఉండనక్కరలేదు. అతి తక్కువ మిగులుతో నడిచే వ్యాపారంలో ఒకరి కనీస వేతనం మరొకరి కనీస ఆదాయాన్ని మింగివేస్తుంది.

అనుమతులు, పన్నులు

చిన్న క్లినిక్‌పై నిబంధనల భారం కూడా తక్కువేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు చట్టం వచ్చింది. కేంద్రం 2010లో వైద్య సంస్థల చట్టం తెచ్చింది. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిబంధనలు పడకలు లేని క్లినిక్‌కూ వర్తిస్తాయి. ఎక్స్‌రే యంత్రం పెట్టాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి అవసరం. అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కు 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద నమోదై, ఐదేళ్లకోసారి దానిని పునరుద్ధరించుకోవాలి. వీటిలో ప్రతి ఒక్కదానికీ న్యాయమైన కారణం ఉంది. కాని వంద పడకల ఆసుపత్రిలో ఈ పని చూసుకోవడానికి ఒక గుమాస్తా ఉంటాడు. ఒంటరిగా క్లినిక్ నడిపేవారు రోగులను పక్కన పెట్టి తామే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

వస్తు సేవల పన్ను విషయంలో ఒక సూక్ష్మం ఉంది. ఆరోగ్య సేవలకు ఈ పన్ను నుంచి మినహాయింపు ఉంది. వినడానికి మేలుగానే ఉన్నా, అమ్మకంపై పన్ను లేనివారికి కొనుగోళ్లపై చెల్లించిన పన్ను తిరిగి రాదు. పన్ను పరిధిలో ఉన్న ఇంటి యజమాని అద్దెపై 18 శాతం వేస్తే అది క్లినిక్ సొంత ఖర్చే. 2025 సెప్టెంబరు 22 నుంచి పలు వైద్య పరికరాలపై 12, 18 శాతంగా ఉన్న పన్నును 5 శాతానికి తగ్గించడం కొత్తగా ప్రారంభించేవారికి ఉపకరించే చర్య.

ల్యాబుల పరిస్థితి

రక్తపరీక్షల రంగంలో స్థితి మరింత క్లిష్టంగా ఉంది. ల్యాబ్ నివేదికపై పాథాలజీలో స్నాతకోత్తర అర్హత గల రిజిస్టర్డ్ వైద్యుడే సంతకం చేయాలని 2017 డిసెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నాణ్యత దృష్ట్యా తీర్పును ఆక్షేపించలేము. అయితే డిప్లొమా చదివి తాలూకా కేంద్రాల్లో సొంత ల్యాబులు నడుపుకుంటున్నవారికి అది పిడుగుపాటే అయింది. పాథాలజిస్టులు నగరాల్లోనే ఎక్కువగా ఉండగా, చిన్న ఊళ్లలోని ల్యాబులు సంతకం కోసం నెలవారీ రుసుము చెల్లించుకోవలసి వచ్చింది, లేదా పెద్ద సంస్థలకు నమూనాలు పంపే కేంద్రాలుగా మారవలసి వచ్చింది.

యంత్రాల స్వభావం కూడా పెద్దవారికే అనుకూలం. రోజుకు 20 పరీక్షలు చేసినా, 2,000 చేసినా యంత్రం ఖరీదు, దాని నిర్వహణ ఖర్చు పెద్దగా మారవు. నమూనాలు ఒకే చోట పోగయ్యే కొద్దీ ఒక్కో పరీక్ష ఖర్చు తగ్గుతుంది. ఇంటికి వచ్చి రక్తం తీసుకువెళ్లే గొలుసు సంస్థలు రాయితీలు ప్రకటించగలగడం దీనివల్లనే. ఇదిలా ఉండగా, తెలంగాణ ప్రభుత్వం 2018లో ప్రారంభించిన ఉచిత రోగనిర్ధారణ పరీక్షల పథకం పేద రోగులకు పెద్ద ఊరట. చిన్న ప్రైవేటు ల్యాబుల ఆదాయంలో కొంత భాగం దానివల్ల తగ్గడమూ సహజమే. సొంత ల్యాబు యజమాని కాదలచిన టెక్నీషియన్ నమూనాలు సేకరించే ఉద్యోగిగా మిగిలిపోవడం ఈ మార్పుల సారాంశం.

రోగి జేబే ఆధారం

ఇన్ని లెక్కలకూ మూలం ఒక్కటే. ఔట్ పేషెంటు చికిత్సకు చెల్లించేది రోగి కుటుంబమే. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశ ఆరోగ్య వ్యయంలో ప్రజలు సొంత జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ఇది మెచ్చుకోదగిన ప్రగతి. కాని 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బీమా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రిలో చేరిన రోగుల చికిత్సనే భరిస్తుంది. మోకాలి శస్త్రచికిత్సకు బీమా ఉంటుంది. ఆ మోకాలు మళ్లీ వంగడానికి ఇంటికి వచ్చాక నెలల తరబడి అవసరమయ్యే వ్యాయామ చికిత్సకు, మాటలు రాని పసివాడికి ఏళ్లపాటు ఇవ్వవలసిన స్పీచ్ థెరపీకి ఆ రక్షణ లేదు.

ఫలితంగా రోగి నాలుగు సిట్టింగ్‌లకు వచ్చి నొప్పి తగ్గగానే మానివేస్తాడు. క్లినిక్ ఆదాయం ఒడిదుడుకులకు లోనవుతుంది. సహాయకుడి జీతం పెరగదు. రోగి నష్టం, యజమాని నష్టం, ఉద్యోగి నష్టం ఒకే గొలుసులోని లంకెలు.

విదేశీ దారి

ఈ పరిస్థితుల్లో చాలామంది దృష్టి విదేశాలపై నిలుస్తోంది. ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సేవలో కొత్తగా చేరే ఫిజియోథెరపిస్టు వార్షిక వేతనం 2025-26లో 31,049 పౌండ్లు. రూపాయల్లోకి మార్చి చూస్తే కళ్లు చెదిరే మొత్తమే. కాని అక్కడి వృత్తి మండలిలో నమోదు, ఆంగ్లభాషా ప్రావీణ్యం, వీసా ఖర్చులు, లండన్ వంటి నగరాల్లో ఇంటి అద్దె దీనిలో నుంచి తీసివేయాలి. వృత్తిలో స్థానం దొరకక వృద్ధుల సంరక్షకులుగా వెళ్లే దారిని బ్రిటన్ 2025 జూలై 22న కొత్తవారికి మూసివేసింది. ఈ కోర్సులను విదేశీ వీసాకు టికెట్లుగా ప్రచారం చేసే సంస్థల మాటలను తల్లిదండ్రులు ఈ వాస్తవాలతో పోల్చి చూసుకోవాలి.

చేయవలసింది ఏమిటి?

ప్రభుత్వ ధనం చేరే చోటనే మార్పు మొదలు కావడం సులభం. కేంద్రం 2016లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం వంటి ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పథకాల్లో ఒక్కో డయాలసిస్‌కు ఇంత అని ధర నిర్ణయిస్తున్నారు. ఆ ఒప్పందంలోనే టెక్నీషియన్ కనీస వేతనాన్నీ షరతుగా చేరిస్తే తక్కువ ధరకు టెండరు దక్కించుకుని ఆ లోటును సిబ్బందిపై రుద్దే అవకాశం తగ్గుతుంది. శస్త్రచికిత్స ప్యాకేజీకి అనుబంధంగా నిర్ణీత సంఖ్యలో ఫిజియోథెరపీ సిట్టింగ్‌లకు విడిగా పద్దు కేటాయించడం రెండవది. చిన్న క్లినిక్కుకు రోజుకు మరో నలుగురు రోగులు ఖాయమైతే పైన వేసిన లెక్క మొత్తం తారుమారవుతుంది. నర్సుల తరహాలో అనుబంధ వృత్తులకూ వేతన సంఘాన్ని నియమించడం మూడవది. ఈ మూడూ కలిసి నడవాలి. రోగుల రాబడి పెంచకుండా వేతనం ఒక్కటే పెంచమంటే చిన్న క్లినిక్కులు మూతపడి పెద్ద సంస్థలే మిగులుతాయి.

విద్యార్థులు చూసుకోవలసినవీ ఉన్నాయి. కళాశాలకు విశ్వవిద్యాలయం లేక పారా మెడికల్ బోర్డు గుర్తింపు ఉన్నదా, శిక్షణకు సొంత ఆసుపత్రి ఉన్నదా, గత బ్యాచ్‌ల వారు ఎక్కడ ఎంత జీతానికి పనిచేస్తున్నారు అన్న మూడు ప్రశ్నలు వేసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. బోధన రుసుము ప్రభుత్వమే చెల్లిస్తుందన్న ధీమాతో ఏళ్ల శ్రమను లెక్కలోకి తీసుకోకపోవడం పొరపాటు.

2021 చట్టం ఒక వర్గానికి పేరు, నమోదు సంఖ్య ఇచ్చింది. ఆ నమోదు పత్రాన్ని గోడకు తగిలించుకున్న క్లినిక్ నెలాఖరున అద్దె కట్టగలదా, అందులో పనిచేసే యువతి ఇంటి ఖర్చు వెళ్లదీయగలదా అన్నదాన్ని బట్టే ఆ చట్టం విలువను లెక్కగట్టవలసి ఉంటుంది. ఆ లెక్క ఇంతవరకు తేలలేదు.